చూపు నేర్చుకునే చదువు

కరీంనగర్ బస్సు జేబీఎస్‌లో దించేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఒకప్పుడు అక్కడినుంచి చిక్కడపల్లి వెళ్లాలంటే సిటీ బస్సు కోసం కాచుకుని నిలబడాల్సిందే. 2020 ఫిబ్రవరి నుంచి జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో తిరుగుతోంది కాబట్టి ఇప్పుడు మెట్లెక్కితే చాలు. సికింద్రాబాద్ వెస్ట్, గాంధీ హాస్పిటల్, ముషీరాబాద్ దాటాక ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ వరసగా వస్తాయి. ఆ మూడింటి నడుమ, పక్కనున్న అశోక్‌నగర్‌ను కూడా కలుపుకుని, కాలినడకన తిరగాలని బయల్దేరాను. చూపును మెదడు ఎలా తయారుచేసుకుంటుందన్న విషయం మీద కొంతకాలంగా చదువుతున్నాను. చదివినదాన్ని జనం మధ్య, బోర్డుల మధ్య నడుస్తూ సరిచూసుకోవాలనిపించింది. రాష్ట్రం నలుమూలలనుంచి పిల్లలు వచ్చి ఉద్యోగ పరీక్షల పుస్తకాల ముందు కూర్చునే పేట ఇది. అందుకు ఇంతకంటే తగిన చోటు తోచలేదు.

రైల్లో ఒక పాప సీటు మీద మోకాళ్లూని, అద్దానికి ముక్కు ఆనించి బయటికి చూస్తోంది. పక్కన నిలబడ్డ నాకు ఆ పిల్ల కనుగుడ్లు స్పష్టంగా కనిపించాయి. ఎదురొచ్చిన మేడను పట్టుకుని కొంతదూరం వెనక్కి సాగుతాయి, చటుక్కున ముందుకు దూకి ఇంకో మేడను పట్టుకుంటాయి. తన కళ్లు అలా పనిచేస్తున్నాయని ఆ పిల్లకు తెలియదు. మనలో ఎవరికీ తెలియదు. కదలకుండా కూర్చుని పుస్తకం చదివేటప్పుడు కూడా కళ్లు సెకనుకు మూడు నాలుగుసార్లు దూకుతూనే ఉంటాయి. రెటీనా నడిమధ్యన ఉన్న చిన్న గుంటలోనే చూపు పదునుగా ఉంటుంది. చేయి చాచి బొటనవేలు నిలబెడితే ఆ గోరు ఆక్రమించేంత మేర మాత్రమే మనకు నిజంగా స్పష్టంగా కనిపిస్తుంది. మిగతాదంతా మసక. ఆ మసకలోంచి ఒక్కో ముక్కనూ ఏరి, కళ్లు దూకిన ప్రతిసారీ వచ్చే అలుకుడును అణచిపెట్టి, నిలకడైన లోకాన్ని మెదడు మనముందు ఉంచుతుంది. అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్ను నుంచి కుడి కన్నుకు చూపు మార్చండి. కళ్లు కదలడం మీకు కనిపించదు. పక్కనున్నవాళ్లకు మాత్రం కనిపిస్తుంది.

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో దిగాను. సుదర్శన్, దేవి, సంధ్య. తెలుగు సినిమా మొదటి ఆట ఫలితం ఈ కూడలిలోనే తేలుతుందని తరాలుగా నమ్మకం. చూపును చదివేవాడికి సినిమా హాలు ఒక ప్రయోగశాల. తెరమీద నిజానికి ఏదీ కదలదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. పరుగెత్తే గుర్రాన్నీ, ఊగే చీర కొంగునూ అల్లేది ప్రేక్షకుడి మెదడే. జర్మనీలో మాక్స్ వెర్టైమర్ 1912లో దీని మీద రాసిన వ్యాసంతోనే చూపు మనస్తత్వశాస్త్రం కొత్త మలుపు తిరిగింది. ఒక గీతను ఒకచోట, మరో గీతను కాస్త పక్కన, తగినంత తక్కువ వ్యవధిలో వెలిగిస్తే మనకు రెండు గీతలు కనిపించవు, ఒకే గీత జరిగినట్టుంటుంది. కదలికను అందుకునే పనికి మెదడు వెనుకభాగంలో వేరే చోటుందని ఆ తర్వాత దశాబ్దాల్లో తెలిసింది.

ఆ చోటు దెబ్బతింటే ఏమవుతుందో మ్యూనిక్‌లో యోసెఫ్ త్సీల్, ఆయన సహచరులు 1983లో ప్రచురించారు. వైద్య గ్రంథాల్లో ఎల్.ఎం. అన్న పొడి అక్షరాలతోనే తెలిసిన ఒక స్త్రీకి మెదడు రక్తనాళాల జబ్బు వచ్చి, రెండువైపులా ఆ భాగం పోయింది. రంగులు తెలుస్తాయి, వస్తువులు గుర్తుపడుతుంది, చదవగలదు. కదలిక ఒక్కటే కనిపించదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టి నిలిచిపోయినట్టు ఉండేది. కప్పులో మట్టం పెరగడం తెలియక పొంగి పొర్లేది. రోడ్డు దాటడమైతే గండమే. దూరంగా ఉన్న కారు మరుక్షణం మీదికొచ్చి ఉండేది, నడుమ ప్రయాణం లేదు.

హోటల్లో నిలబడి ఇరానీ చాయ్ తాగుతూ ఆమెనే తలచుకున్నాను. గల్లా పక్కన కుర్రాడు డికాషన్ మీద పాలు పోస్తున్నాడు. అతని చూపు కప్పుల మీద లేదు, వచ్చేవాళ్ల మీదుంది. అయినా ఒక్క చుక్క ఒలకలేదు. తర్వాత రోడ్డు దాటాను. తలపైన మెట్రో, దానికీ పైన ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023లో తెరిచిన స్టీల్ బ్రిడ్జి, కింద ఆటోలూ బైకులూ. ఒక ముసలమ్మ చేయెత్తి, ఆటోకూ బైకుకూ మధ్య సందు చూసుకుని, ఆగకుండా దాటిపోయింది. ఎంత వేగంతో ఏది ఎప్పుడు తనవరకూ వస్తుందో ఆమె మెదడు లెక్కకట్టింది. ఎల్.ఎం.కు లేకుండా పోయింది ఈ లెక్కే. నాకు ఆ దృశ్యం ఏ సినిమాకూ తీసిపోనిదిగా అనిపించింది.

చిక్కడపల్లి వైపు నడిస్తే బోర్డులు మీద పడతాయి. తెలుగు, ఇంగ్లీషు, ఉర్దూ, హిందీ ఒకదాని భుజమ్మీద ఒకటి. త్యాగరాయ గానసభ సందులోకి ఒక చూపు, వెంకటేశ్వరస్వామి గుడి వైపు ఒక చూపు, ముందుకెళితే నారాణయగూడకు దారి. ఇప్పుడే చదివిన ఆ ఊరి పేరును వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి. రెండక్షరాలు తారుమారయ్యాయి. కావాలనే అలా రాశాను. చాలామంది ఆగకుండా దాటి వచ్చి ఉంటారు. ఇలా ఎందుకు దాటగలుగుతామన్న ప్రశ్న చిన్నదేం కాదు. దానికి గట్టి జవాబు వెదికినవారిలో ఒకరు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చూపును పరిశోధిస్తున్న ఎస్.పి. అరుణ్. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి మెదడు వైపు వచ్చిన మనిషి. ఆయనా, ఆయన విద్యార్థి ఆకాశ్ అగ్రవాల్, అదే సంస్థలోని ఆచార్యుడు కె.వి.ఎస్. హరి కలిసి 2019లో ఒక పరిశోధన ప్రచురించారు. హరి ఇంజనీరింగ్ చదివింది ఇదే నగరంలోని ఉస్మానియాలోనే. వాళ్లు పరీక్షకు ఎంచుకున్న రెండు లిపుల్లో ఒకటి మన తెలుగు.

దాని గురించి చెప్పే ముందు నగర కేంద్ర గ్రంథాలయంలోకి వెళదాం. చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కూ మధ్యనుంది. లోపల సీట్లు నిండితే ఆవరణలో చెట్ల కింద, గోడల పొడుగునా కుర్చీలేసుకుని పిల్లలు చదువుతుంటారు. చాలామందివి సొంత పుస్తకాలే. గ్రంథాలయం వాళ్లకు ఇచ్చేది చోటు, నిశ్శబ్దం, పక్కవాడు చదువుతున్నాడన్న పట్టుదల. నీళ్ల దగ్గర ఒక కుర్రాణ్ని పలకరించాను.

“ఎప్పటిసంది వస్తున్నవ్ తమ్మీ?”

“రెండేండ్లయితుందన్నా. గ్రూప్ టూకు చదువుతున్న. పొద్దుగాల్నే రాకుంటె చెట్టు కింద కూడ జాగ దొరకది.”

“రోజుకు ఎంతసేపు?”

“పది గంటలు, ఒక్కోసారి పన్నెండు. కండ్లు మండుతయ్. అయినా తప్పదు కద.”

పన్నెండు గంటలు. చదివే కన్ను ఒక్కోచోట సుమారు పావు సెకను ఆగి, దూకి, మళ్లీ ఆగుతుంది. ఆగిన ప్రతిసారీ కొన్ని అక్షరాలే అందుతాయి. ఇంత కష్టపడే ఈ పిల్లవాడి మెదడులో ఏం మారింది? అరుణ్ బృందం అడిగింది సరిగ్గా దీన్నే. తెలుగు చదవగలిగి మలయాళం రానివాళ్లను ఒక గుంపుగా, మలయాళం చదవగలిగి తెలుగు రానివాళ్లను మరో గుంపుగా తీసుకున్నారు. రెండూ గుండ్రటి లిపులే. ఒక గుంపుకు చదువైనది ఇంకో గుంపుకు ఉత్త గీతలు. అందుకే ఈ పరీక్ష నాకు అంత అందంగా తోస్తుంది. తేడా వస్తే అది అక్షరాల ఆకారంవల్ల వచ్చిందనడానికి వీల్లేదు, చదవడం రావడంవల్లే రావాలి. తెరమీద ఒకే రకం అక్షరాలను చాలా పెట్టి, వాటి నడుమ వేరేది ఒక్కటి దాచి, అది ఎక్కడుందో చెప్పమన్నారు. త్వరగా దొరికితే ఆ రెండూ మెదడుకు వేరువేరుగా కనిపిస్తున్నట్టు. ఆలస్యమైతే ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నట్టు. ఒంటి అక్షరాలతో చేశారు, జంట అక్షరాలతోనూ చేశారు.

బాగా చదివేవాడి మెదడులో అక్షరాల గుంపులకు, పదాలకు మొత్తంగా ఒక్కో ముద్ర పడుతుందని చాలామంది అనుకునేవారు. పదాన్ని చూడగానే పదంగానే గుర్తుపడతాం కాబట్టి ఆ ఊహ సహజమే. ఈ పరిశోధనలో దానికి భిన్నమైనది తేలింది. చదవడం వచ్చినవాళ్లకు ఒక్కో అక్షరం మరింత విడిగా కనిపిస్తోంది. రెండక్షరాలు పక్కపక్కన ఉన్నా ఒకదాన్నొకటి చెరుపుకోవడం తగ్గింది. ఎంత తగ్గితే అంత ధారాళంగా చదువుతున్నారు. మెదడును స్కాన్ చేసినప్పుడు కూడా, జంటకు వచ్చే స్పందనను ఆ రెండు అక్షరాల విడి స్పందనల నుంచే ఊహించగలిగారు. చదవడం రానివాళ్లలో అంత బాగా ఊహించలేకపోయారు. ఇది మెదడు వెనుక పక్కభాగంలో, వస్తువుల ఆకారాలను గుర్తుపట్టే చోట కనిపించింది. మరుసటి ఏడాది ఇదే బృందం ఇంగ్లీషు అక్షరాలతో చేసిన పనిలో, తారుమారైన పదాలను కూడా మనం చదివేయగలగడానికి కారణం ఇలాంటి కూడికేనని చూపింది. అక్షరాలు అవే ఉండి, స్థానాలు కొద్దిగా మారితే కూడిక ఫలితం పెద్దగా మారదు. మీరు ఇందాక ఆ ఊరి పేరును ఆగకుండా దాటింది అందుకే.

ప, వ, మ, య. తలకట్టు ఒకటే, పొట్టలూ కొమ్ములూ కాస్త అటూ ఇటూ. ద, థ, ధ చెప్పనే అక్కర్లేదు. పలకమీద వీటిని కలగాపులగం చేసే పిల్లను మొద్దు అని తిట్టే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ పిల్ల చూపు ఇంకా తయారవుతోంది, అంతే. అక్షరాలు విడివిడిగా తేటపడకముందే ఒత్తుల్లోకీ పదాల్లోకీ తోసేసే తొందరను మన బడులు మానుకోవాలన్నది నా అభిప్రాయం. ఒక్కో అక్షరం మీద పెట్టిన కాలం తర్వాత పదంలో తిరిగొస్తుంది.

చదువు మెదడులో ఎంత ప్రత్యేకంగా కుదురుకుంటుందో చెప్పే పాత కథ ఒకటి ఫ్రాన్స్‌ది. పారిస్ వైద్యుడు జూల్ దెజెరీన్ 1892లో దాన్ని ప్రచురించాడు. చక్కగా చదువుకున్న ఒక పెద్దమనిషికి అంతకు అయిదేళ్ల ముందు ఒకరోజు అక్షరాలు గుర్తుపట్టడం పోయింది. చూపు బాగానే ఉంది, మాట బాగానే ఉంది, రాయడమూ వచ్చు. తాను రాసిన ఉత్తరాన్ని తానే చదవలేడు. చనిపోయాక పరీక్షిస్తే మెదడు ఎడమవైపు వెనుకభాగంలో దెబ్బ కనిపించింది. కళ్లనుంచి వచ్చే అక్షరాలు భాష ఉన్న చోటికి చేరే దారి తెగిపోయింది.

అశోక్‌నగర్ గల్లీల్లోకి తిరిగాను. స్టడీ హాలు, బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, కర్రీ పాయింట్, జిరాక్స్, కోచింగ్ సెంటరు, మళ్లీ స్టడీ హాలు. జిరాక్స్ దుకాణాల ముందు పాత ప్రశ్నపత్రాల కట్టలు. ఇక్కడి వయసులు ఇరవైకి పైబడ్డవి. ముప్పై దాటినవాళ్లూ కనిపిస్తారు. ఈ వయసులో కొత్తగా ఏం ఎక్కుతుందని ఊళ్లో అనే మాట వీళ్లలో చాలామంది విన్నదే. ఆ మాట తప్పు అనడానికి నా దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. అది ఉత్తరప్రదేశ్ పల్లెలనుంచి వచ్చింది.

లక్నో దగ్గరి పల్లెల్లో అక్షరం ముక్క రాని వాళ్లకు, ఎక్కువగా స్త్రీలకు, ఆరు నెలలపాటు హిందీ చదవడం, రాయడం నేర్పారు. సగటు వయసు ముప్పై పైమాటే. చదువుకు ముందూ తర్వాతా వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. జర్మనీ, నెదర్లాండ్స్ పరిశోధకులతో పాటు లక్నో శాస్త్రవేత్తలూ, మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మెదడు, మేధో శాస్త్రాల కేంద్రానికి చెందిన రమేశ్ మిశ్రా కూడా ఆ బృందంలో ఉన్నారు. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. మార్పు పైపొరలో మాత్రమే ఆగలేదు. చూపును దారిమళ్లించే, కళ్ల దూకుడును నడిపించే లోపలి పాత భాగాలకూ, వెనకనున్న చూపు ప్రాంతానికీ మధ్య పొత్తు గట్టిపడింది. ముప్పై ఏళ్లు పొలంలో, వంటింట్లో గడిపిన మెదడు ఆరు నెలల్లో తన లోలోపలి తీగలను సర్దుకుంది. అక్షరాలు నేర్చుకుంటే ముఖాలను గుర్తుపట్టే చోటు కుంచించుకుపోతుందా అని అంతకుముందునుంచీ ఒక సందేహం ఉండేది. ఆ పల్లెల్లోనే చేసిన మరో పరిశోధన 2019లో దానికి జవాబిచ్చింది. అలాంటి నష్టమేమీ కనిపించలేదు.

ఒక హాస్టలు గేటు దగ్గర వంటచేసే అమ్మ కూర్చుని, సిలిండర్ రసీదు మీద పేరును కూడబలుక్కుంటోంది. ఏ అక్షరం దగ్గరా తొందరపడలేదు. పక్కన ఒక అమ్మాయి “అది ‘రా’ పెద్దమ్మా, దీర్ఘం ఉన్నది చూడు” అంటోంది. ఆ పెద్దమ్మకు వయసు దాటిందని ఎవరూ అనక్కర్లేదు.

అక్కడినుంచి నారాయణగూడకు నడిచేసరికి మధ్యాహ్నం దాటింది. తాజ్‌మహల్ హోటల్లో దోసె తిని, వైఎంసీఏ కూడలి దగ్గర నిలబడ్డాను. ఇక చెప్పాల్సింది ఇంతసేపూ చెప్పినదానికి ఎదురుదిక్కున ఉంది. అక్షరాల చదువు ఏ వయసులోనైనా పట్టుబడుతుంది. చూపు నేర్చుకునే అన్ని పాఠాలకూ అంత ఓపిక లేదు.

ఆ సంగతి తేలింది ఇదే నగరంలో. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి బంజారాహిల్స్‌లో ఉంది. రెండు కళ్లలోనూ దట్టమైన శుక్లాలతో పుట్టిన పిల్లలకు అక్కడ శస్త్రచికిత్స చేస్తారు. కొందరు పుట్టిన కొద్ది నెలల్లో వస్తారు, కొందరు ఏళ్లు గడిచాక వస్తారు. జర్మనీలోని హాంబుర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిగిట్టె రోడెర్, ఈ ఆసుపత్రి పిల్లల కంటి వైద్యుడు రమేశ్ కెకున్నాయ, వాళ్ల సహచరులు అలా చూపు వచ్చినవాళ్లను పరీక్షించి 2013లో ప్రచురించారు. మామూలు మనిషికి ముఖం చూపిస్తే సుమారు 170 మిల్లీసెకన్లకు తలపై ఒక విద్యుత్ తరంగం నమోదవుతుంది. ఇల్లు చూపిస్తే అది అంత బలంగా రాదు. ముఖం అంటే మెదడుకు అంత ప్రత్యేకం. శుక్లాలు తీసి చూపు తెచ్చినవాళ్లలో ఆ తేడా లేదు. ముఖానికీ ఇంటికీ ఒకే తీరు తరంగం. పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత శుక్లాలు వచ్చినవాళ్లలో మాత్రం ఆ తేడా ఉంది. కాబట్టి లోపం శుక్లాలు ఉండటంలో లేదు, తొలినాళ్లలో వెలుగు అందకపోవడంలో ఉంది. విచిత్రం ఏమిటంటే, ఇదే బృందం మనిషి నడకను చుక్కల కదలికగా చూపిస్తే వాళ్లు దాన్ని మామూలువాళ్లలాగే అందుకున్నారు. కదలికకు చెందిన ఆ నేర్పు తొలి చూపు లేకున్నా నిలిచింది. ముఖానికి చెందినది నిలవలేదు. చూపు ఒక్కటే విద్య కాదు, పలు విద్యల కలయిక. ఒక్కో విద్యకు ఒక్కో గడువు.

కూడలికి దగ్గర్లోనే ఐపీఎం ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అన్న పూర్తి పేరుతో ఎవరూ పిలవరు. టీకాల కోసం, రక్తం కోసం, పరీక్షల కోసం నగరమంతా వచ్చే చోటు. నా నడక అక్కడ ఆగడానికి కారణముంది. 1941లో సిడ్నీ కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్, శుక్లాలతో పుట్టిన 78 మంది పసివాళ్లను గమనించాడు. వాళ్లలో దాదాపు అందరి తల్లులకూ గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చింది. ఒంటిమీద నాలుగు దద్దుర్లు వచ్చి పోయే చిన్న జబ్బు కడుపులోని బిడ్డ కంటిని కమ్మేస్తుందని లోకానికి తెలిసింది అప్పుడే. ఇప్పుడు దానికి టీకా ఉంది. 2017 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకు మీజిల్స్‌తో కలిపి వేశారు. ఆ తర్వాత మామూలు టీకాల్లో చేర్చారు. బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి. అన్ని శుక్లాలూ రుబెల్లావల్ల రావు, వంశపారంపర్యంగా వచ్చేవీ ఉన్నాయి. రుబెల్లావల్ల వచ్చేవాటిని మాత్రం టీకాతో రాకుండా ఆపవచ్చు.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్లు ఒక పని చేయండి. బిడ్డ నల్లగుడ్డు నడుమ తెల్లగా ఏమైనా కనిపిస్తోందా చూడండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా వస్తే దాన్ని ఫోటో తప్పిదం అనుకోకండి. మూడు నెలలొచ్చినా తల్లి ముఖం వంక చూడకపోతే, కళ్లు ఊగుతూ నిలకడలేకుండా ఉంటే, పెద్దయ్యాక చూద్దామనే మాట వినకండి. దట్టమైన శుక్లమైతే తొలి రెండు నెలల్లోనే తీయించాలని వైద్యులు చెబుతారు. మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు కూడా పుట్టుశుక్లాలను వెదుకుతాయి. వాళ్లనూ అడగండి. అక్షరాలు ముప్పై ఏళ్లకైనా నేర్చుకోవచ్చు. ముఖాల పాఠం మొదలుకావాల్సింది మొదటి నెలల్లోనే.